దోమ యెవరిని కుట్టును?

వానకాలము ప్రవేశించినదనగా బెజవాడ వీధులలో సాయంసమయమున పొగబండి బయలుదేరును. తెల్లని పొగ వీధి నిండ గ్రమ్ముకొనును. పిల్లలు కేకలు వేయుచు దాని వెంట పరుగెత్తుదురు. గృహిణులు కిటికీలు మూసికొందురు. గడియసేపటిలో పొగ విడిపోవును. పురపాలకులు తమ విధి నెరవేర్చితి మనుకొందురు. పౌరులు తమకు రక్షణ లభించినదని తృప్తి నొందుదురు. మరునాటి యుదయమున బడికి సిద్ధమగుచున్న బిడ్డను, ఆ యింటి తొట్టెలోనే పుట్టిన చారల దోమ నిశ్శబ్దముగా కుట్టిపోవును. ఆ దోమ నిన్నటి పొగ నెరుగనే యెరుగదు. వీధిలో పొగ గ్రమ్మిన వేళ నది మూసిన కిటికీల వెనుక, మంచము క్రిందనో, దండెముమీది బట్టల చాటుననో విశ్రమించి యుండెను.

దోమలన్నియు నొకే జాతివనియు, వాని కాటులన్నియు నొకే తీరువనియు మన మెంచుచున్నంత కాలము ఈ విపరీతము తప్పదు. దోమలు పెరిగినవని మొరపెట్టుకొందుము. వానిని నిర్మూలింపుడని యధికారులను గోరుదుము. కాని రోగవ్యాప్తి విషయమున మొదట అడుగవలసిన ప్రశ్న దోమలెన్ని యున్నవని కాదు. ఏ దోమ, ఎవరిని, ఏ వేళ, ఎన్నిమారులు కుట్టుచున్నదని యడుగవలెను. ఈ నాలుగింటికి సమాధానము తెలియక చేయు వ్యయమంతయు గ్రుడ్డెద్దు చేలో బడిన చందముననే యుండును.

ఈ సత్యమునకు తొలి నిదర్శనము మన తెలుగు గడ్డమీదనే లభించినది. రోనాల్డు రాస్ అను సైనిక వైద్యుడు 1895 మొదలు రెండు సంవత్సరములు దోమలలో మలేరియా క్రిమికై వెదకెను. జ్వరపీడితుల నెత్తురు త్రావిన దోమల నెన్నింటినో కోసి సూక్ష్మదర్శినితో పరీక్షించినను ఫలము లేకపోయెను. లోపము ఆయన పరిశ్రమలో లేదు. ఆయన చేతికి చిక్కుచుండినవి బూడిదవన్నె దోమలు, చారల దోమలు; మనుష్యుల మలేరియాను మోయునవి యవి కావు. 1897 ఆగష్టులో సికిందరాబాదునందు, రెక్కలపై మచ్చలు గల మరియొక జాతి దోమ ఆయనకు దొరకెను. హుస్సేను ఖాను అను జ్వరపీడితుడు దోమతెరలో పరుండి ఆ దోమలచే కుట్టించుకొనెను. కుట్టిన దోమకొక్క అణా చొప్పున ఆయనకు ముట్టెను. ఆ నెల 20వ తేదీన ఆ దోమ పొట్టగోడలో రాస్ మలేరియా క్రిమిని జూచెను. మరుసటి యేట కలకత్తాలో పక్షుల మలేరియాపై పరిశోధించి, క్రిమి దోమయొక్క లాలాజల గ్రంథులను జేరు మార్గమును గూడ కనుగొనెను. 1902లో ఆయనను నోబెలు బహుమానము వరించినది. నెత్తు రిచ్చిన హుస్సేను ఖానును మాత్రము మనవారే మరచిరి.

ఈ కథలో మనకు కావలసిన నీతి యొకటి కలదు. దోమ జాతిని గుర్తింపక పోవుటచే అంతటి పరిశోధకునకు రెండు సంవత్సరముల శ్రమ వ్యర్థమైనది. మన పట్టణములు, పంచాయతులు అదే పొరపాటును నేటికిని ఏటేట చేయుచున్నవి.

దోమకాటునకును రోగమునకును గల సంబంధము ఒక చిన్న లెక్కలో నిమిడియున్నది. నెత్తురు త్రావునది ఆడుదోమ మాత్రమే. గ్రుడ్లు పెంపొందుట కది యవసరము. సాధారణముగా రెండు మూడు దినముల కొకమారు నెత్తురు త్రావుట, గ్రుడ్లు పెట్టుట, మరల ఆహారమునకై బయలుదేరుట, ఇదియే దాని జీవితము. మలేరియా యొకనినుండి మరియొకనికి సోకవలెనన్న ఆ దోమ మనుష్యుని రెండుమారులు కుట్టవలెను. రోగిని కుట్టి క్రిమిని గ్రహించుట మొదటిది. ఆ క్రిమి దోమ శరీరములో పక్వమగుటకు పది దినములు మొదలు రెండు వారములు పట్టును. అంతవరకు జీవించి ఆరోగ్యవంతుని కుట్టుట రెండవది. ఈ రెంటిలో నేది పశువుపై జరిగినను గొలుసు తెగిపోవును.

ఒక జాతి దోమ పదిమారులు నెత్తురు త్రావినచో పదిమారులును మనుష్యునిదే త్రావుననుకొందము. మరియొక జాతి తొమ్మిదిమారులు పశువును, ఒక్కమారు మనుష్యుని కుట్టుననుకొందము. రెండవ జాతివలన అపాయము పదవవంతు అని పైకి తోచును. అది సరికాదు. మొదటి కాటు మనుష్యునిపై బడు నవకాశము పదింట నొకటి. రెండవ కాటునకును అంతియే. రెండును మనుష్యునిపైననే పడు నవకాశము నూటి కొకటి. అనగా దోమ రుచిలో కలుగు స్వల్పభేదము రోగవ్యాప్తిలో మిక్కిలి పెద్ద భేదమగును. ఈ గణితమునకు పునాది వేసినవాడును రాస్ మహాశయుడే. 1957లో జార్జి మాక్డొనాల్డు అను శాస్త్రజ్ఞుడు దానిని సమగ్రమైన సూత్రముగ దిద్దెను. దోమ పొట్టలోని నెత్తురు మనుష్యునిదో, ఎద్దుదో, పందిదో, పక్షిదో పరీక్షించి చెప్పగల విధానములు శాస్త్రజ్ఞులకు గలవు. కావున దోమ రుచి యన నది ఊహ కాదు, కొలువదగిన విషయము.

ఈ దృష్టితో మన డెల్టాను పరికింతము. 1832-33 నాటి నందన కరువులో గుంటూరు సీమ ప్రజలు మలమల మాడి మడిసిన పిమ్మట, 1852లో మొదలై 1855లో ముగిసిన ఆనకట్ట బెజవాడయొద్ద కృష్ణను నిలిపినది. 1957లో దాని స్థానమున ప్రకాశము బరాజు వెలసినది. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవసు కాలువ, వానినుండి చీలిన పంటకాలువలు, బోదెలు, సార్వా దాళ్వాల వరిమళ్లు, మురుగుకాలువలు, చేపలచెరువులు, వీనిచే డెల్టా యంతయు నేటిలో బహుకాలము నీటిపై దేలుచుండును. నీరున్నచోట దోమ యుండును. ఇన్ని దోమలున్న యీ సీమ మలేరియాకు పుట్టినిల్లు కావలసి యుండెను. కాని తెలుగునాట మలేరియాకు ఆటపట్టు డెల్టా కాదు. నిలువనీరంతగా లేని మన్యము. పాడేరు, రంపచోడవరము కొండలలోని గిరిజనులు తరతరములుగా మన్యపు జ్వరమునకు బలియగుచున్నారు.

దీనికి గల ముఖ్యకారణములలో నొకటి దోమల భోజనము. వరిమళ్లలో విస్తారముగ పుట్టు మచ్చరెక్కల దోమలలో సబ్‌పిక్టస్ అను జాతి ప్రధానముగ పశువులను కుట్టును. మలేరియాను మోయుటలో నది బలహీనము. మన గ్రామసీమలలో మలేరియా మోయు ముఖ్యజాతి క్యూలిసిఫేసీస్. అదియు గొడ్లచావడినే యెక్కువ కోరును. మన్యపు సెలయేళ్లలో బుట్టు ఫ్లూవియాటిలిస్‌లో మనుష్యుని కుట్టి మనుష్యుని యింటనే విశ్రమించు తెగ యొకటి కలదు. సంఖ్యలో కొద్దియైనను కాటు సూటిగ మనుష్యునిపై బడుటచే నది ఘోరమైనది. డెల్టా రైతు ఇంటిముంగిట కట్టిన కాడియెద్దులు, పాడిగేదెలు తమ నెత్తురు ధారవోసి తరతరములు ఆ యింటిని కొంతవరకైనను కాపాడినవి. ఈ ఋణమును మన మెన్నడును లెక్కింపలేదు.

అట్లని గోవులున్న యింట జ్వర ముండదని యెవ్వరును భ్రమపడరాదు. క్యూలిసిఫేసీస్ మనుష్యుని కుట్టుట యరుదైనను, దాని సంఖ్య వేలకు వేలైనప్పుడు ఆ యరుదైన కాటులే జ్వరమును వ్యాపింపజేయును. పశువులు మందగ నున్నచోట దోమలకు ఆహారము సమృద్ధియై వాని సంతతి పెరుగుటయు గలదు. గొడ్లచావడి ప్రక్కనే మంచము వైచికొని పరుండువానికి పశువు కవచము కాదు, దోమలను పిలుచు పేరంటాలు. చావడి నివాసమునకు కొంత దూరమున నున్నప్పుడే మేలు.

ఇక నీ పశువులే తగ్గినచో నేమగును? దక్షిణ అమెరికాయందలి గయానాలో, మన దేశమునుండి కూలికై పోయినవారి సంతతి నివసించు డెమెరారా నదీముఖమున, ఈ ప్రశ్నకు సమాధానము దొరకినది. అచ్చట మలేరియాను పారద్రోలిన పదునైదేండ్ల తరువాత, 1960 ప్రాంతమున, పచ్చిక బయళ్లు వరిచేలుగ మారినవి. ఎద్దులకు బదులు ట్రాక్టరులు వచ్చినవి. అంతవరకు పశువులను కుట్టుచు నిరపాయముగ నుండిన దోమజాతి యొకటి ఆహారము దొరకక మనుష్యులవైపు తిరిగినది. మలేరియా మరల తలయెత్తినది. ఈ వృత్తాంతమును జిగ్లియోలి అను వైద్యుడు 1963లో లోకమునకు దెలిపెను. మన డెల్టాలోను కాడియెద్దులు పోయి ట్రాక్టరులు వచ్చినవి. గయానాలో జరిగినది ఇచ్చటను జరిగి తీరునని చెప్పుటకు వీలులేదు. దోమజాతులు వేరు, పరిస్థితులు వేరు. కాని పశువులు తరిగిన గ్రామములలో దోమలు ఇప్పుడెవరిని కుట్టుచున్నవో పరీక్షింపవలసిన బాధ్యత ప్రభుత్వమునకు లేదా? వ్యవసాయ శాఖవారు యంత్రములను లెక్కింతురు, పశువైద్య శాఖవారు పశువులను లెక్కింతురు, ఆరోగ్య శాఖవారు రోగులను లెక్కింతురు. ఈ మూడు లెక్కలను ఒకచోట జేర్చి చూచువాడు కావలెను.

రెండవ శత్రువు మురుగునీటి దోమ. బెజవాడ, గుంటూరు, బందరు మొదలగు పట్టణముల మురుగుకాలువలలో బుట్టు ఈ క్యూలెక్స్ జాతి బోదకాలు వ్యాధిని మోయును. దోమ బోదకాలు క్రిమిని గ్రహించునని 1877లో చైనా దేశపు అమోయి పట్టణమున పాట్రిక్ మాన్సను కనుగొనెను. అర్ధరాత్రి ప్రాంతమున నిద్రించువారిని కుట్టుట దీని యలవాటు. ఆ వేళకే బోదక్రిమి పిల్లలు లోతైన యవయవములను విడిచి చర్మము చెంత ప్రవహించు నెత్తురులోనికి వచ్చును. పగటివేళ మరల లోపల దాగును. దోమ భోజనవేళకు సరిగ క్రిమి తన వేళ నమర్చుకొన్నది! రక్తపరీక్షకై ఆరోగ్యోద్యోగులు రాత్రులందు తలుపు తట్టుటకు కారణ మిదియే. నిద్రాభంగమైనదని వారిని కసరి పంపుట తగదు.

బోదకాలు ఒకటి రెండు కాటులతో వచ్చునది కాదు. క్రిమిగల దోమలు మాసముల తరబడి, సంవత్సరముల తరబడి కుట్టగా కుట్టగా సంక్రమించును. అందుచే నిది మేడలలో కంటె కాలువగట్ల గుడిసెలలో, మూతలేని మురుగు ప్రక్కన నిద్రించు కూలివాని కాలికే యెక్కువ పట్టును. 1955లో దేశవ్యాప్తముగ బోదవ్యాధి నివారణ ప్రణాళిక ఆరంభమైనది. రాజమహేంద్రవరమున దానికి శిక్షణ, పరిశోధన కేంద్రము వెలసినది. 2004 మొదలు వ్యాధిగల జిల్లాలలో ప్రజలందరకును ఏటేట మాత్రలు పంచు పద్ధతి సాగినది. నెత్తురులోని క్రిములను మాత్ర తగ్గించినచో దోమ కుట్టినను దానికి దొరకున దేమియు నుండదు. రోగము లేదని మాత్రను పారవైచువాడు తన పొరుగువాని కాలికి ముప్పు తెచ్చుచున్నాడు.

మూడవది మెదడువాపు జ్వరము. 1955లో వేలూరు ప్రాంతమున మన దేశమున తొలుత గుర్తింపబడిన ఈ వ్యాధి తెలుగు జిల్లాలలో పలుమారులు పసిపిల్లలను పొట్టనబెట్టుకొన్నది. 1999లో అనంతపురము, కర్నూలు జిల్లాలలో నది చెలరేగినది. దీనిని మోయు క్యూలెక్స్ జాతులు మురుగులో గాక వరిమళ్ల నీటిలో బుట్టును. వీనికి ప్రీతిపాత్రమైన యాహారము పశువు. ఇచ్చట పశువు నిజమైన యడ్డుగోడ. ఏలయన ఆ విషక్రిమి గోవు శరీరమున ప్రవేశించినను మరియొక దోమకు సోకునంతగ వృద్ధి చెందదు. వృద్ధి చెందునది పందులయందును, కొంగజాతి పక్షులయందును. పంది నెత్తురులో విషక్రిమి విస్తరించి, దానిని కుట్టిన దోమలను విషపూరితము చేయును. అట్టి దోమ దారి తప్పి మనుష్యుని కుట్టినప్పుడే ముప్పు. సోకిన 250 మందిలో ఒక్కరికి మాత్రమే తీవ్రవ్యాధి కలుగునని ప్రపంచారోగ్యసంస్థ యంచనా. కాని ఆ యొక్కరు సాధారణముగ పసిబిడ్డ. అట్టివారిలో నూటికి ముప్పదిమంది వరకును మరణింతురు. బ్రతికినవారిలో పలువురు జీవితాంతము అవిటివారగుదురు.

వరిమడి, కొంగ, పంది, ఈ మూడును డెల్టాలో నొకచోట నున్నవి. కొల్లేరు పక్షులను మనము తరుమజాలము, తరుమరాదు. వరిని మానజాలము, మడిలో నెల్లవేళల నీరు నిలుపక నడుమనడుమ ఆరబెట్టు ఆరుతడి పద్ధతి నవలంబింపవచ్చును. పందులను నివాసములకు దూరముగ నుంచవచ్చును. ఇచ్చట నొక్క మాట చెప్పవలెను. పందుల పెంపకముపై బ్రతుకు పేదకుటుంబములను నేరస్థులవలె జూచి వారి జీవనాధారమును హరించుట ఆరోగ్యసేవ గాదు. వారికి ఊరి వెలుపల స్థలమును, దోమలు చొరరాని దొడ్లను సమకూర్చుట ప్రభుత్వ విధి. టీకా నిర్ణయింపబడిన జిల్లాలలోని తల్లిదండ్రులు దానిని పిల్లలకు తప్పక వేయించుట వారి విధి.

కడపటిది, నేడు పట్టణములకు మృత్యువై నిలిచినది, డెంగ్యూ. దీనిని మోయు చారలదోమ ఈడిస్ ఈజిప్టై రుచిలో తక్కిన వానికి పూర్తిగ విరుద్ధము. దానికి పశువు వలదు, పక్షి వలదు, మనుష్యుడే కావలెను. మురుగు వలదు; మంచినీటి తొట్టె, గాబు, పూలకుండీ క్రింది పళ్లెము, కూలరు, పారవైచిన టైరు, కొబ్బరిచిప్ప చాలును. రాత్రి నిద్రించి పగలు కుట్టును. సూర్యోదయమైన పిమ్మట కొన్ని గంటలును, సూర్యాస్తమయమునకు ముందు కొన్ని గంటలును దానికి ముఖ్యసమయములు. ఒకే మనుష్యునివద్ద కడుపు నింపికొనునది కాదు. చేయి విదిలించిన వెంటనే లేచి ప్రక్కవానిని కుట్టును, మరల మూడవవానిని. ఒక్క భోజనమునకు నలుగురి నెత్తురు రుచి జూచు దోమ ఒక్క పూటలో నలుగురికి జ్వరమును పంచగలదు. ఒక్క యింట తల్లియు బిడ్డలును వరుసగ మంచమెక్కుటకు రహస్య మిదియే. 2005 చివర మన రాష్ట్రమున తలయెత్తి, 2006లో దేశమంతట పదిలక్షలకు పైబడిన జనుల కీళ్లు విరిచిన చికున్‌గున్యాకును వాహన మీ దోమయే.

పైన జెప్పిన లెక్కను ఈ దోమకు వర్తింపజేసినచో భయము కలుగును. దాని కాటులు దాదాపు అన్నియు మనుష్యునిపైననే. అందును ఒక్క భోజనమునకు అనేకములు. కావున దోమలు కొద్దిగ నున్నను రోగము విరివిగ వ్యాపించును. ఊరిలో దోమలు తగ్గినవని సంతసించుచున్న వేళనే డెంగ్యూ ప్రబలుట కాశ్చర్యపడ బనిలేదు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి అజిత్‌సింగునగరము మొదలగు బెజవాడ పేటలను ముంచెత్తినది. అట్టి వరద తాను పారునప్పుడు దోమపిల్లలను కొట్టికొనిపోవును. తీసినప్పుడు పగిలిన కుండలలో, విరిగిన సామానులలో, మేడపై కప్పులలో నీటిని మిగిల్చిపోవును. ఎండిన తొట్టె గోడకు నెలల తరబడి యంటుకొనియున్న గ్రుడ్లు ఆ నీరు దగులగనే ప్రాణము పోసికొనును. అట్టి దినములలో వీధి పొగకంటె పెరటి శోధన వేయిరెట్లు మేలు.

కావున మన కర్తవ్యము స్పష్టము. మలేరియా దోమకు నివాసము గోడ, వేళ రాత్రి. దానికి గోడమీది మందును, మంచముపై దోమతెరయును. బోదదోమకు స్థానము మురుగు. దానికి పారు కాలువయు, ఏటేటి మాత్రయు. మెదడువాపు దోమకు వరిమడి. దానికి ఆరుతడియు, దూరపు పందిదొడ్డియు, టీకాయును. డెంగ్యూ దోమకు స్థానము మన యిల్లు; దానికి వారమున కొకనాడు, శుక్రవారమనియే యనుకొందము, ఇంటిలోని ప్రతి నీటిపాత్రను బోర్లించి తోమి యారబెట్టుటయే దివ్యౌషధము. గ్రుడ్డు పిల్లయై, దోమయై యెగురుటకు ఎండకాలమున గూడ సుమారు వారము పట్టును. పగలు నిద్రించు పసిబిడ్డకు పగలును దోమతెర వేయవలెను.

పొగబండిని బొత్తిగ వలదనుట లేదు. రోగము ప్రబలిన తావున, ఇండ్ల లోపలికి, దోమ యెగురు వేళల నది కొంత యుపకరించును. కాని కంటికి గాన్పించు పనియని వీధులలో వేళగాని వేళ త్రిప్పి, అదియే నివారణయని లెక్క వ్రాయుట ప్రజాధనమునకు పొగబెట్టుట. ప్రతి పురపాలక సంఘమును దోమజాతులను గుర్తింపగల యుద్యోగులను నియమించి, ఏ పేటలో ఏ దోమ, ఏ వేళ, ఎవరిని కుట్టుచున్నదో ఏటేట ప్రకటింపవలెను. పన్నులు చెల్లించు పౌరు డీ లెక్క నడుగుటకు హక్కు గలవాడు.

పరప్రభుత్వము రాజ్యమేలిన దినములలో, మన నెత్తురు పీల్చువారు ఎవరని యడిగి తెలిసికొని, తగిన మార్గమున పోరాడి స్వరాజ్యము సాధించితిమి. ఈ చిన్న శత్రువు విషయముననైన అదే వివేకము చాలును. పొగ విడిపోయిన తరువాత లోపలికి బోయి, తలుపు వెనుక నీటితొట్టె మూత యెత్తి చూచినవాడే దోమను జయించినవాడు. నేడు శుక్రవారము కాకపోయినను ఆ పనికి ముహూర్తము చూడ నక్కరలేదు.